పుల్లరి దగ్గర మొదలుపెడదాం

"పెట్టుబడిదారీ విధానం వద్దనేవాళ్ళు అసలు ఏమంటారు పెదనాన్నా? ఎక్కణ్ణించి చదవడం మొదలుపెట్టాలి?" అని మొన్న కోటప్పకొండ తిరునాళ్ళలో మా తమ్ముడి కొడుకు అడిగాడు. నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాడు. ప్రశ్న మంచిదే గాని, చుట్టూ మైకుల హోరు, ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ రాత్రి వాడికి చెప్పలేకపోయింది ఇప్పుడు మీ అందరితో కలిపి చెబుతాను. తొందరేం లేదు, మంచం వాల్చుకుని కూర్చోండి.

పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తిరునాళ్ళలో నిలబెట్టే ప్రభల్నే చూడండి. కావూరు నుంచి, మద్దిరాల నుంచి, పురుషోత్తమపట్నం నుంచి శివరాత్రికి కొండ కిందికి వస్తాయి గదా, ఎనభై తొంభై అడుగుల ఎత్తున, ఒళ్ళంతా దీపాలతో. ఇంటికింతని చందా వేసుకుంటారు. వెదురు, కర్ర, తాళ్ళు తెచ్చుకుంటారు. ఏ ముడి ఎక్కడ పడాలో తెలిసిన పెద్దవాళ్ళు కింద నుంచి చెబుతుంటే కుర్రాళ్ళు పైకెక్కి కడతారు. ఒకప్పుడు ఎద్దులు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. దారిలో కరెంటు తీగ అడ్డమొస్తే ఊరంతా ఆగి చూసుకుంటుంది. ఇన్ని వారాల చాకిరీ చేసి దాన్ని ఎవరికైనా అమ్ముతారా? అమ్మరు. తిరునాళ్ళ అయిపోగానే విప్పేసుకుని ఇంటికి పోతారు.

లాభం లేకపోతే మనిషి చెయ్యి కదపడు అనేది పెట్టుబడిదారీ లోకం మనకు రోజూ చెప్పే మాట. ఆ మాట నిజం కాదని కోటప్పకొండ ఏటేటా చూపిస్తూనే ఉంది. వాడుకోవడానికి, పదిమందీ చూడటానికి చేసే వస్తువు వేరు, అమ్ముకోవడానికి చేసే సరుకు వేరు. కార్ల్ మార్క్స్ తన పెద్ద పుస్తకం 'పెట్టుబడి' (కాపిటల్)ని మొదలుపెట్టింది ఈ తేడాతోనే. ప్రభల్లో కులాల వారీ పంతాలు ఉన్నాయి, పార్టీల హడావుడి పెరిగింది, జనరేటర్లకీ లైట్లకీ బాడుగలు కట్టాల్సిందే, అది నేను కాదనను. అయినా ఆ ప్రభ నిలబడేది కొనేవాడి కోసం కాదు.

ఇక పుల్లరి. ఈ పేరు వినగానే పల్నాడువాళ్ళకి కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. రావాలి కూడా. అయితే ఆయన్ని మనం ఇంగ్లీషువాణ్ణి ఎదిరించిన వీరుడిగా మాత్రమే తలుచుకుంటాం, విగ్రహానికి దండ వేసి వచ్చేస్తాం. ఆయన ఎదిరించింది దేన్నో కాస్త నిదానంగా చూద్దాం.

నాగార్జునసాగర్ కాలవ రాకముందు పల్నాడు మెట్ట నేల. వాన పడితే పంట, లేకపోతే లేదు. అటువంటి చోట మనిషిని నిలబెట్టింది పశువు, పశువును నిలబెట్టింది అడవి. గొడ్డును తోలుకుపోవడం, ఎండుపుల్ల ఏరుకోవడం ఎవరినీ అడిగి చేసే పనులు కావు. ఆ అడవి చుట్టూ ప్రభుత్వం గీత గీసింది. గీత లోపల మేసే ప్రతి గొడ్డుకూ పన్ను కట్టమంది, అదే పుల్లరి. 1921లో సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాడు రైతులు కట్టేది లేదన్నారు. అటవీ ఉద్యోగులకు చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసుల తుపాకులు పేలాయి, హనుమంతు చనిపోయాడు.

దీనికి ఎనభై ఏళ్ళ ముందు, 1842లో, జర్మనీలో రైన్ నది పక్క జరిగిన సంగతి ఒకటి చెబుతాను వినండి. అక్కడ పేదలు అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం పూర్వం నుంచీ ఉన్న అలవాటు. అది దొంగతనమే అని చట్టం చేద్దామని ఆ ప్రాంతపు సభలో చర్చ నడిచింది. అప్పటికి మార్క్స్‌కు ఇరవై నాలుగేళ్ళు, పత్రికలో పనిచేస్తున్నాడు. ఆ చర్చ మీద వరసగా రాశాడు. ఆర్థిక విషయాల వైపు తనను మొదటిసారి నెట్టినవాటిలో ఈ పుల్లల గొడవ ఒకటని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఆయనకు మొదటి పాఠం చెప్పింది ఫ్యాక్టరీ కాదు, అడవి.

పెట్టుబడి పుట్టుక కథంతా ఇందులో ఉంది. అందరిదీ అయినదాని చుట్టూ ఎవరో ఒకరు కంచె వేస్తారు. నిన్నటిదాకా ఊరికే దొరికింది రేపటినుంచి డబ్బుకు దొరుకుతుంది. డబ్బు లేనివాడు కూలికి పోవాలి. ఇంగ్లండులో ఊరుమ్మడి భూములకు కంచెలు వేసి రైతులను తరిమిన చరిత్రను మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం చివరి భాగంలో వివరంగా రాశాడు. హనుమంతు ఆ పుస్తకం చదివాడని నేను చెప్పను. చదవాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది.

ఆ పల్నాడు పోరాటంలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు పోయారు. రాయవెల్లూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ నవల పూర్తిగా బయటపడలేదు. రష్యా విప్లవం జరిగి ఐదేళ్ళు, అప్పుడే ఆ గాలి మంగళాపురం అనే కల్పిత పల్లెలోకి వచ్చేసింది. అందులో సంగదాసు కూలివాళ్ళను కూడగడతాడు, భూస్వామి చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. వెంకటదాసు ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. మనవాళ్ళు ఈ నవలను పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా మార్చేశారు, నాకు అదే కష్టంగా ఉంటుంది. అందులో కూలి ఎంత, ఏ రూపంలో ఇవ్వాలి, ఎవరు నిర్ణయించాలి అన్న గొడవ ఉంది. కూలివాడి వైపు నిలబడి ఆ లెక్క చూడటం తెలుగు నవలకు ఉన్నవ నేర్పారు.

లెక్క అన్నాను గనక, ఇప్పుడు కాగితం కలం తీసుకోండి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీ దగ్గరికి పోదాం. రాయి, బొగ్గు వరసలుగా పోసి కాలుస్తారు. కింద నుంచి సున్నం లాగుతారు. ఆ వేడిలో, ఆ దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకుని పని చేస్తారు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు చేశాడనుకోండి. అతని వాటా సరుకుకు పట్టిన రాయి, బొగ్గు, కరెంటు, బట్టీ అరుగుదల అన్నీ కలిపి 2000 రూపాయలు అనుకుందాం. సరుకు 3600కి పోయింది. అంటే అతని చెమట కలిపిన కొత్త విలువ 1600. అతనికి ఇచ్చిన కూలి 600. ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

మొదటి మూడు గంటల్లో అతను తన కూలి తాను సంపాదించేశాడు. మిగతా ఐదు గంటలు? ఆ ఐదు గంటల పనికి వచ్చిన వెయ్యి రూపాయలే అదనపు విలువ. యజమాని లాభం అందులోదే, బ్యాంకు వడ్డీ అందులోదే, స్థలం అద్దె అందులోదే, మధ్య దళారీ వాటా అందులోదే. రాయి తన ఖరీదు కన్నా పైసా ఎక్కువ ఇవ్వదు, బొగ్గూ ఇవ్వదు. ఎక్కువ ఇచ్చేది మనిషి ఒక్కడే.

"యజమాని డబ్బు పెట్టాడు, నష్టమొస్తే ఆయనే భరిస్తాడు గదా" అని మీరు అడుగుతారని తెలుసు. అడగాల్సిందే. ఆ డబ్బు నిన్నటి ఐదు గంటల నుంచి వచ్చిందా, మొన్నటి కంచె నుంచి వచ్చిందా అన్నది మొదటి ఎదురు ప్రశ్న. ఊపిరితిత్తులు పెట్టినవాడి నష్టం ఏ ఖాతాలో రాస్తారన్నది రెండోది. ఇంకో మాట, ఇది చాలామంది వదిలేసేది: ఇందులో యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. ధర్మాత్ముడైనా సరే, పక్క బట్టీవాడు కూలి తగ్గించి చవగ్గా అమ్ముతుంటే ఈయనా తగ్గించాలి, లేకపోతే మూసుకోవాలి. మనిషి గుణం మీద కోపం తెచ్చుకుంటే పెట్టుబడి అర్థం కాదు.

పల్నాడులో కథ ఇక్కడ చిక్కు పడుతుంది. మన దగ్గర యజమాని, కూలీ అని గీత గీసినట్టు ఇద్దరే ఉండరు, మధ్యలో కౌలు రైతు ఉన్నాడు. మిర్చికి ఎకరానికి ఇంతని కౌలు ముందే కట్టాలి. విత్తనం, మందు కొట్లో అరువు. కోతకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి, పొలం గట్టునే గుడారాలు వేసుకుంటాయి. పసిబిడ్డను చెట్టు కింద ఉయ్యాల్లో వేసి తల్లి కాయ కోస్తుంది, ఘాటుకు చేతులు మండుతుంటాయి. ఆ పక్కనే కౌలు రైతు "కూలి రేట్లు చంపేస్తున్నాయండీ" అంటాడు. ఆయన బాధ అబద్ధం కాదు, ఆమె కూలి ఎక్కువా కాదు.

ఇద్దరికీ మిగలనిది ఎటు పోయిందో చూడండి. కౌలు భూమి యజమానికి పోయింది, అతను చాలాసార్లు ఊళ్ళోనే ఉండడు. వడ్డీ అప్పిచ్చినవాడికి పోయింది. సరుకు గుంటూరు మిర్చి యార్డుకు చేరాక కమీషను అక్కడ పోయింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది గాని, దాని ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని వాళ్ళ భయం. కార్డు లేకపోతే పంట రుణం చేతికి రావడం గగనం, మళ్ళీ మందుల కొట్టే దిక్కు. కోత కూలీ, కౌలు రైతూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నంత కాలం పైనున్న మూడు చేతులూ ఎవరికీ కనపడవు. ఈ చదువంతా దేనికంటే ఆ చేతులు కనపడటానికే అంటాను నేను.

"రష్యా కూలిపోయింది గదా పెదనాన్నా" అని కూడా అన్నాడు మావాడు. సోవియట్ రాజ్యం కూలిపోయింది, 1991లో. అక్కడ అధికారం పనివాళ్ళ చేతి నుంచి పార్టీ చేతిలోకి, పార్టీ నుంచి కొద్దిమంది చేతిలోకి పోయిన తీరు చదవాల్సిందే, దాచాల్సిన పని లేదు. కాని వాళ్ళు ఓడిపోతే బట్టీ దగ్గర ఐదు గంటల లెక్క మారిందా? మారలేదు. పిడుగురాళ్ళలో అడిగి చూడండి.

ఇక పుస్తకాలు. వాటికి ముందు ఒక పాత సంగతి. 1937 వేసవిలో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో, అప్పట్లో అదీ మన గుంటూరు జిల్లానే, కాంగ్రెసు సోషలిస్టులు రాజకీయ, ఆర్థిక పాఠశాల పెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. అర్థశాస్త్రం పాఠం వినడానికి ఆ రోజుల్లో ఖాకీలను దాటి పోవాల్సి వచ్చింది. ఇప్పుడు మనకు అడ్డం ఎవరూ లేరు, చేతిలో ఫోను తప్ప.

ముందు 'మాలపల్లి' చదవండి. తర్వాత రంగనాయకమ్మ గారు మార్క్స్ 'కాపిటల్'కు తెలుగులో రాసిన పరిచయం పట్టుకోండి. పిల్లల కోసం ఆవిడే రాసిన ఆర్థిక శాస్త్రం ఇంకా తేలిక, పెద్దవాళ్ళు మొహమాటపడకుండా దాంతోనే మొదలుపెట్టొచ్చు. కులం మీద ఆవిడ రాసిన కొన్ని మాటలతో నాకు పేచీ ఉంది గాని, కష్టమైన లెక్కను ఓపిగ్గా విప్పి చెప్పడంలో ఆవిడకు సాటి ఎవరూ లేరు. మార్క్స్‌నే నేరుగా చదవాలనుకుంటే మొదటి పేజీ నుంచి పోకండి. 1867లో పుస్తకం వచ్చిన కొత్తలో కూగెల్‌మన్ అనే మిత్రుడికి ఉత్తరం రాస్తూ, మీ ఆవిడ ఫలానా అధ్యాయాలు ముందు చదివితే సులువని మార్క్సే చెప్పాడు. పనిదినం మీద రాసినది, యంత్రాల మీద రాసినది, కంచెల చరిత్ర చెప్పే చివరి భాగం. పుల్లరి తెలిసిన పల్నాడువాడికి ఆ చివరి భాగం సొంత ఊరి సంగతిలాగే ఉంటుంది.

ఒంటరిగా చదవొద్దు, సగంలో ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోండి, వాళ్ళలో ఒకరైనా కూలికి పోయేవాళ్ళు ఉండేట్టు చూసుకోండి. పుస్తకంలో తప్పు పట్టే హక్కు ముందు వాళ్ళకివ్వండి.