వోకింగ్‌లో పొరుగింటి స్కోన్లు

లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కిన వారు సుమారు అరగంటలో వోకింగ్ పట్టణం చేరుకుంటారు. అక్కడి రైలు పట్టాలకు చేరువలో, చెట్ల నడుమ ఓ చిన్న మస్జిద్ ఉంది. బ్రిటన్‌లో మస్జిద్‌గానే కట్టిన తొలి భవనం అదే. భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ఇచ్చిన విరాళంతో 1889లో అది వెలిసింది. దాని పక్కనున్న ఇంటికి మన హైదరాబాద్ దివాన్ సర్ సాలార్‌జంగ్ పేరు పెట్టారు. అంత దూరాన ఆ పేరు చదివినప్పుడు సొంత ఊరి మనిషి ఎదురైనట్లనిపించింది.

మా అమ్మాయి కాపురం ఆ పట్టణంలోనే. అస్ర్ నమాజు ముగించుకుని ఇల్లు చేరేసరికి పక్కింటి వృద్ధురాలు గుమ్మం దగ్గర పలకరించారు. ఆమె క్రైస్తవురాలు, ఒంటరిగా ఉంటారు. మరునాడు సాయంత్రం స్కోన్లు చేస్తానని, మా ఇద్దరినీ టీకి రమ్మని పిలిచారు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది.

“వెళ్ళడం ఎలా అమ్మీ? వంటల్లో పంది కొవ్వు వాడతారో, మద్యం కలుపుతారో తెలియదు. రెండేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఒంట్లో బాగాలేదనో, పనుందనో చెప్పి తప్పించుకుంటున్నాను” అంది లోపలికి వచ్చాక.

“ఏం కలుపుతారో ఎప్పుడైనా అడిగావా?”

“అడిగితే నొచ్చుకుంటారేమోనని అడగలేదు.”

హరామ్‌కు దూరంగా ఉండాలన్న ఆమె తపన నాకు సంతోషం కలిగించింది. గ్రంథ ప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో తెలిపినా, పంది మాంసం, మద్యం ఎవరింట ఉన్నా నిషిద్ధమే. కాబట్టి జాగ్రత్త అవసరమే. అయితే నోటిలోకి హరామ్ వెళ్ళకూడదని జాగ్రత్తపడుతూ, అదే నోటి నుండి అబద్ధం వెలువడుతున్న సంగతి ఆమె గమనించలేదు. ఆ మాటే మెల్లగా చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

మరునాడు మా అమ్మాయి ఆ ఇంటి గుమ్మంలోనే తన సందేహాన్ని వివరించింది. ఆమె నొచ్చుకోలేదు సరికదా, మమ్మల్ని నేరుగా వంటగదిలోకి తీసుకువెళ్ళి సామగ్రి అంతా బల్ల మీద పేర్చి చూపించారు. తన తల్లి కాలంలో కొన్ని వంటల్లో పంది కొవ్వు వాడేవారట. తాను వెన్న తప్ప మరొకటి వాడరట. జామ్ ఆమె సొంతంగా స్ట్రాబెర్రీలు, చక్కెర, నిమ్మరసంతో చేసుకున్నదే. “నా చేతి వంట మీకు ఇష్టం లేదేమోనని ఇన్నాళ్ళూ అనుకున్నాను” అన్నారామె. మా అమ్మాయి తల దించుకుంది.

ఆ తర్వాత మా కళ్ళెదుటే స్కోన్లు చేశారు. 225 గ్రాముల మైదాలో రెండు టీ చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి, 55 గ్రాముల చల్లని వెన్నను వేళ్ళ కొసలతో రవ్వలా అయ్యేదాకా నలిపారు. 25 గ్రాముల చక్కెర వేసి, 150 మిల్లీలీటర్ల పాలతో ముద్ద చేశారు. నేను అలవాటుగా రొట్టెల పిండిలా పిసకబోతే వారించారు. పిసికిన కొద్దీ పిండికి సాగే గుణం వస్తుంది. రొట్టెకు అది మేలే గాని స్కోను గట్టిపడుతుంది. అంగుళం మందాన పరచి, గుండ్రని అచ్చును మెలితిప్పకుండా నిటారుగా అదిమారు. మెలితిప్పితే అంచులు మూసుకుపోయి స్కోను వంకరగా పొంగుతుందట. పైన పాలు పూసి, 220 డిగ్రీల వేడిలో 12 నిమిషాలు ఉంచారు.

స్కోను పుట్టిల్లు స్కాట్లండ్. 1513 నాటి రచనలోనే ఆ పేరు కనిపిస్తుంది. ఒకప్పుడు పెనం మీద గుండ్రంగా కాల్చి నాలుగు ముక్కలు చేసేవారు. ఇప్పటి పొంగు బేకింగ్ పౌడరు చలవే. ఈస్ట్ సరిపడని తన భార్య కోసం బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన నిపుణుడు 1843లో దానిని తయారుచేశాడు. ఇంటి మనిషి కోసం పడిన శ్రమ లోకానికంతటికీ ఉపయోగపడింది.

వేడి స్కోనును చేత్తో విరిచి, జామ్, చిక్కని మీగడ వేసుకుని తిన్నాం. డెవన్ వారు ముందు మీగడ రాస్తారు, కార్న్‌వాల్ వారు ముందు జామ్ రాస్తారు. తమదే సరైన పద్ధతని ఇరువురూ వాదించుకుంటారని చెప్పి ఆమె నవ్వారు. వచ్చేటప్పుడు మిగిలినవి ఓ పళ్ళెంలో పెట్టి ఇచ్చారు.

పొరుగింటి పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళకూడదన్నది మన పెద్దల ఆనవాయితీ. నా ప్రయాణానికి ముందు రోజు మా అమ్మాయి తానే స్కోన్లు చేసింది. మొదటి వాయి కాస్త గట్టిగా వచ్చింది, రెండవది చక్కగా పొంగింది. పొరుగువారి హక్కుల గురించి జిబ్రీల్ (అలై) పదే పదే తాకీదు చేస్తుంటే, వారిని ఆస్తిలో వారసులుగా కూడా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ హదీసు మా అమ్మాయికి చిన్నప్పటి నుండీ కంఠస్థమే. ఆ రోజు పళ్ళెం పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది. ఈసారి చెప్పవలసిన సాకేదీ లేదు.