గడిగడికి పక్షుల లెక్క

దక్షిణాఫ్రికా, లెసోతో, ఎస్వాతినీ దేశముల పటము మీద అక్షాంశమున అయిదు నిమిషములు, రేఖాంశమున అయిదు నిమిషములు కొలతగా అడ్డముగను నిలువుగను గీతలు గీచినచో ఏర్పడు గళ్లు 17,000కు పైబడి యున్నవి. సుమారు 9 కిలోమీటర్ల నిడివియు 8 కిలోమీటర్ల వెడల్పును గల యిట్టి గడిని అచ్చటి పక్షివీక్షకులు పెంటాడ్ అని వ్యవహరింతురు. ఏ గడిలో ఏ కాలమున ఏ పక్షి కానవచ్చినది, ఏది కానరాలేదు అను లెక్కను, జీతబత్తెముల యాస లేక, తమ బండిలో తామే పెట్రోలు పోసికొని, తెల్లవారకముందే లేచి పోయి వ్రాసి తెచ్చువారు ఆ దేశములలో పెక్కుమంది గలరు. ఈ లెక్క వ్రాయు విధమును కన్నులార చూడవలయునను కోరికతో నేను జనవరి మాసమున, అనగా అచ్చట వేసవియు వానకాలమును ఒక్కటిగా నడచు దినములలో, ఎంపుమలాంగా రాష్ట్రపు దక్షిణపు కొసనున్న వాకర్‌స్ట్రూమ్ అను చిన్న యూరికి పోయితిని.

ఆ యూరు 1859లో వెలసినది. ఇసుకరాతి గోడల పాత యిండ్లు, వెడల్పైన వీథులు, ఊరి నానుకొని రెల్లును తుంగయు దట్టముగ పెరిగిన చిత్తడినేల, దాని కావల చెట్టన్నది అరుదై కొండలను గప్పి కనుచూపు మేర పఱచుకొన్న పచ్చికబయలు. ఇంతియే యా యూరి సంపద. సముద్రమట్టమునకు 1,700 మీటర్లకు మించిన యెత్తున నుండుటచే వేసవిలో సైతము ఉదయములు చల్లగ నుండి, చిత్తడినేల మీద మంచుపొగ చాల సేపటివఱకు విడువక నిలుచును. ఊరిలో బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా సంస్థవారి కేంద్రమొకటి కలదు. చేరువనున్న ఎసిజమెలేని పేటవారిలో కొందఱు పక్షులను చూపు మార్గదర్శకులై, దూరదేశముల నుండి వచ్చువారిని పచ్చిక దారుల వెంట త్రిప్పి, ఆ విద్యతోనే కుటుంబములను పోషించుకొనుచున్నారు. నన్ను వెంటబెట్టుకొని పోయిన పెద్దాయనయు అట్టివాడే. అందఱును ఆయనను బాబా యని గౌరవముగ పిలుచుచుండుటచే నేనును అట్లే పిలిచితిని. పట్టిక వ్రాయు బాధ్యత మాత్రము జొహానెస్‌బర్గు నుండి వచ్చిన యొక విశ్రాంత ఉపాధ్యాయినిది.

ఈ యుద్యమము ఒక్కనాట పుట్టినది కాదు. దక్షిణాఫ్రికా పక్షిశాస్త్ర సంఘము 1904లోనే స్థాపితమైనది. ఆస్టిన్ రాబర్ట్స్ 1940లో ప్రకటించిన గ్రంథమున పక్షులకు వేసిన అంకెలు తరతరముల వీక్షకులకు కంఠస్థములైనవి. 1980లో నాటాల్ ప్రాంతపు పక్షిపటము వెలువడెను. తరువాత 1987 నుండి 1991 వఱకు ఆఱు దేశములలో, పదునైదేసి నిమిషముల పెద్దగళ్లను ప్రమాణముగ గైకొని మొదటి మహాపటమునకు సామగ్రి కూర్చిరి. 70 లక్షల నమోదుల ఫలమైన యా గ్రంథము 1997లో రెండు సంపుటములుగ వెలువడినది. అది ముగిసిన పదునాఱేండ్లకు, 2007 జూలై 1వ తేదీన, పెద్దగడి నొక్కొక్కదానిని తొమ్మిది చిన్నగళ్లుగ భాగించి రెండవ పటమును మొదలిడిరి. మొదటిదానికి గడువుండెను. దీనికి గడువు లేదు. నేటికిని సాగుచునే యున్నది.

వాకర్‌స్ట్రూమ్ ఊరున్న గడికి 2720_3005 అని పేరు. గడియొక్క వాయవ్యపు మూల 27 డిగ్రీల 20 నిమిషముల దక్షిణ అక్షాంశమును 30 డిగ్రీల 5 నిమిషముల తూర్పు రేఖాంశమును కలియు చోట నుండుటచే ఆ యంకెలే దాని నామధేయమైనవి. ఊరి యంచున నున్న వంతెన మీద మేము నిలిచినప్పటికి తూర్పున వెలుగు రేకలు విచ్చుచుండెను. ఉపాధ్యాయిని తన ఫోనులో బర్డ్‌లాసర్ అను యాప్‌ను తెఱచి వేళను గుర్తించుకొనగనే, రెల్లుపొదల మీదుగ కేకలు వేయుచు పోయిన హడీడా కంకణపు పక్షుల గుంపు పట్టికలో మొదటి పేరైనది. రెండవది బొల్లికోడి. మూడవది గిజిగాడు. ఈ వరుస మార్చరాదు. ఏది ముందు కనబడిన దానినే ముందు వ్రాయవలెను. గంట గంటకు అప్పటికి చేరిన జాతుల సంఖ్యను గుర్తింపవలెను. గడిలో ఎన్ని విధముల నెలవులున్నవో, నీరు, పచ్చిక, పొలము, ఇండ్ల నడిమి చెట్లు, అన్నింటికిని తిరుగవలెను. కనీసము రెండు గంటలు ఏకాగ్రతతో చూచిన పిమ్మటనే అది పూర్ణమైన పట్టిక యనిపించుకొనును. తరువాత అయిదు దినముల వఱకు క్రొత్తగ కానవచ్చిన జాతులను చేర్చవచ్చును. ఆ మీదట పట్టిక ముగిసినట్లే.

వరుస కింత పట్టుదల యేల యని నేనడిగితిని. విస్తారముగ నుండు పక్షి సహజముగనే పట్టికలో ముందు చేరుననియు, ఏండ్లు గడచుకొలది ఒక పక్షి పేరు పట్టికలలో క్రిందికి క్రిందికి జారుచున్నచో, అది యింకను కనబడుచునే యున్నను సన్నగిల్లుచున్నదని గ్రహింపవచ్చుననియు ఆమె వివరించెను. పక్షులను తలలెంచి లెక్కింపకయే వాని హెచ్చుతగ్గులను పసిగట్టు ఈ యుపాయము నన్ను మిక్కిలి యాకర్షించినది.

మంచు తొలగకముందే రెల్లులో నుండి గ్రుక్క తిప్పుకొనకుండ సాగిన హూంకారమొకటి వినవచ్చినది. బాబా చేయెత్తి అందఱను ఆపెను. అది ఎఱ్ఱరొమ్ము ఫ్లఫ్‌టెయిల్. తన జీవితమంతయు రెల్లు మొదళ్లలోనే గడపుచు, ఏండ్ల తరబడి వెదకినవారికి సైతము కంటబడుట దుర్లభమైన పిడికెడు పక్షి. ఉపాధ్యాయిని ఫోను పట్టుకొని, "మీకు నిశ్చయమేనా, బాబా?" అని యడిగెను. "నిశ్చయమే. రాయండి" అని యాయన యనెను. ఎఱుకగల చెవి వినినచో కంటితో చూచినదానితో సమానమని వీరి నియమము. కొంత సేపటికి కొండకొమ్ము మీదుగ ఒక గద్దజాతి పక్షి వేగముగ పోయి మఱుగైనది. ఆమె ప్రశ్నించు చూపు చూచెను. బాబా తల యడ్డముగ త్రిప్పి, "ముఖం సరిగా చూడలేదు, వదిలేయండి" అనెను. ఆమె మాఱు మాట లేక వదలివేసెను. ఆయన ప్రతిష్ఠకు గాని ఆమె పట్టిక నిడివికి గాని ఆ క్షణమున వారిద్దఱిలో ఎవ్వరును విలువ యీయకుండుట నేను వారియందు చూచిన గుణములలో నుత్తమమైనది. ఒకవేళ ఆ ప్రాంతమున ఉండగూడని పక్షిని వ్రాసిరేని, ఎట్లు చూచితిరి, ఎంత దూరమున, ఏ లక్షణములచే గుర్తించితిరి అని ప్రాంతీయ సమితివారు వివరణ పత్రమును కోరుదురు. తృప్తి కలుగనిదే దానిని స్వీకరింపరు.

పూర్వము మన గ్రామకరణములు అడంగలులో పండిన చేనునే కాక బీడుపడిన చేనును గూడ సర్వే నంబరు వారీగ వ్రాసినట్లు, ఈ పట్టికలు కానరాని పక్షులకును సాక్ష్యము పలుకును. ఒక గడి నుండి పది పట్టికలు వచ్చి, అందు ఏడింట నొక పక్షి యున్నచో దాని నమోదు పాలు నూటికి 70 అందురు. అదే గడిలో పదేండ్ల తరువాత అది 20కి దిగినచో పచ్చికలో ఏదియో మార్పు జరిగినదని యర్థము. అరుదైన పక్షిని మాత్రమే వ్రాసికొని, కాకిని పిచ్చుకను విడిచిపెట్టిన పుస్తకము వలన ఇట్టి జ్ఞానము ఎన్నటికిని కలుగదు. అందుచేతనే నా కా హడీడా పేరు పట్టిక తలమీద నుండుట ఉచితముగ తోచినది. ఒకప్పుడు ఆ దేశపు తూర్పు భాగములకే పరిమితమై యుండిన యా పక్షి, మనుష్యులు నాటిన చెట్లను, నీరు పెట్టి పెంచిన పచ్చికలను ఆధారము చేసికొని నేడు కేప్‌టౌన్ వఱకు వ్యాపించిన కథ, ఎవ్వరును విశేషముగ నెంచని పక్షిని విసుగు లేక వ్రాసినవారి వలననే లోకమునకు తెలిసినది.

మధ్యాహ్నమునకు ముందు పచ్చికబయలునకు పోయితిమి. చిత్తడిలో కిరీట సారసముల జంటయు, దాని మీద తక్కువ యెత్తున తేలియాడు పిల్లిగద్దయు, కొండవాలున మేయు బట్టతల కంకణములును కన్నులపండువు చేసినవి గాని, బాబా మనస్సు వేఱొక పక్షి మీద నుండెను. బోథా భరతపక్షి యనునది ఈ మెట్టపచ్చికలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను లేదు. పొట్టిగ మేసిన గడ్డిలో, గడ్డి రంగుతోనే యుండి, నాలుగడుగుల దూరమున నున్నను కంటికానదు. మొదటి పటములోని గళ్లతో పోల్చిచూడగ రెండవ పటమున దాని నెలవులు దారుణముగ తఱిగిపోయినవి. పచ్చికను దున్ని మొక్కజొన్న వేయుటయు, పైన్, యూకలిప్టస్ తోటలు నాటుటయు, బొగ్గుగనులును దీనికి ముప్పు తెచ్చినవి. మేము చాల సేపు నడచితిమి, అది కానరాలేదు. బాబా పచ్చిక వైపు చూచుచు నిలిచిన తీరులో ఆయన దుఃఖము నాకు తెలిసినది. ఉపాధ్యాయిని మాత్రము, వెదకి కానకుండుటయు లెక్కయే గనుక, నడచిన దారి యావత్తు ఫోనులో నమోదైనదో లేదో సరిచూచుకొనెను. పాములను కాలితో తన్ని చంపు సెక్రెటరీ పక్షి గతియు ఇట్టిదే. రెండు పటముల సామగ్రిని పోల్చి దాని క్షీణతను నిరూపించిన వ్యాసము 2014లో వెలువడెను. 2020లో ఆ పక్షిని ఆపన్నజాతుల జాబితాలో చేర్చిరి.

ఊరిలోనికి మరలి వచ్చినప్పుడు, ఒక యింటి రేకు మీద ముక్కు పసుపు, కాళ్లు పసుపుగల పక్షుల జంట తలలూపుచు కూయుట చూచి నేను తటాలున ఆగితిని. అవి మన గోరింకలు! ఉపాధ్యాయిని వానిని పట్టికలో చేర్చెను గాని ఆమె ముఖమున సంతోషము లేదు. 1900 ప్రాంతమున హిందూదేశము నుండి డర్బనుకు తెచ్చిన యీ పక్షి, నగరముల వెంట, రహదారుల వెంట లోతట్టు దేశమున వ్యాపించి స్థానిక పక్షుల గూళ్లకు పోటియైనది. రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ వ్యాప్తి స్పష్టముగ కానవచ్చును. ఆ డర్బను రేవుననే 1860 నవంబరు 16వ తేదీన ట్రురో అను ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను దింపినది. ఆనాటినుండి వచ్చినవారిలో తెలుగువారును ఉండిరి. చెఱకుతోటలలో ఒడంబడిక కూలీలై మ్రగ్గినవారి సంతతి నేడు ఆ దేశపు పౌరులైయున్నారు. పక్షి చేసిన హానిని వ్రాయుట న్యాయమే. అయినను పరదేశమున చిన్ననాటి పక్షిని చూచిన నా మనస్సు మాత్రము చాల సేపు అచ్చటనే నిలిచిపోయినది.

సాయంకాలము ఉరుములతో మేఘములు క్రమ్ముచుండగ, దారి వెంట టెలిఫోను తీగెల మీద బూడిదవన్నెగల చిన్నడేగలు బారులు తీర్చి కూర్చుండెను. అవి ఆముర్ డేగలు. ఈశాన్య ఆసియాలో గూళ్లు కట్టి, శరత్కాలమున మన నాగాలాండులో లక్షలుగ దిగి, అచ్చట పుష్టి పొంది, హిందూదేశపు ద్వీపకల్పమును అరేబియా సముద్రమును దాటి ఈ పచ్చికలలోని మిడుతలను చెదలను వెదకి వచ్చు సుకుమార ప్రాణులు. 2012లో నాగాలాండున వేలకువేలుగ వలలలో బడి చచ్చిన యీ పక్షులను మఱుసటి యేడు గ్రామస్థులే పూని కాపాడిరి. 2013 నవంబరులో మూడింటికి ఉపగ్రహ యంత్రములను కట్టి విడువగ, వాని ప్రయాణము దక్షిణాఫ్రికా వఱకు తెలియవచ్చినది. యంత్రము కట్టిన పక్షి దారిని చెప్పును. గమ్యమున అవి ఏ వారమున దిగినవి, ఏ గళ్లలో ఎన్ని నెలలు నిలిచినవి, ఎప్పుడు మరలినవి అనుట మాత్రము ఇట్టి పట్టికల వలననే తేలవలెను.

ఈ పట్టికలు పుస్తకములలోనే పడియుండవు. వాకర్‌స్ట్రూమ్ చేరువ 2014లో మబోలా అను ప్రాంతమును రక్షితభూమిగ ప్రకటించిరి. దాని క్రింద బొగ్గు త్రవ్వుటకు మంత్రులిచ్చిన యనుమతిని 2018లో ప్రిటోరియా ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. ఒక నేల మీద ఏమున్నదో చెప్పు లెక్క లేనిదే, దానిని కాపాడుడని యడుగుటకు ఆధారము చిక్కదు. ఆ దేశమున గనికి గాని గాలిమరలకు గాని పర్యావరణ నివేదిక వ్రాయువారు ముందుగ తెఱచి చూచునది ఈ పటమునే. కెన్యా, నైజీరియా దేశములును ఈ పద్ధతినే యవలంబించినవి. మన దేశమున కేరళవారు 2015 మొదలు 2020 వఱకు శ్రమించి తమ రాష్ట్రమునకంతకును పక్షిపటమును సాధించిరి.

మనకును ఇట్టి లెక్క యెంతయో యావశ్యకము. 1848లో జెర్డన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన కలివికోడి, 1900 తరువాత కానరాక పోయి, 1986లో కడప జిల్లా చిట్టడవులలో, స్థానికుల సాయముతో మఱల దొరకినది. ఆ నడుమ గడచిన 86 ఏండ్లలో అది ఏ పొదలలో నుండెనో, ఎచ్చట నశించెనో చెప్పగల పట్టిక యొక్కటియు మన వద్ద లేదు. చదువరులారా, మీ యూరి చెఱువుగట్టునో, పొలిమేర పొదలనో మీ గడిగ నెంచుకొనుడు. నెల కొకసారి, ఉదయము రెండు గంటలు దుర్భిణితో నచ్చట తిరుగుడు. కాకి మొదలుకొని కనబడిన ప్రతి పక్షిని కనబడిన వరుసనే వ్రాయుడు; నిశ్చయము లేనిదానిని విడిచిపెట్టుడు; తేదీయు వేళయు వేయుట మఱవకుడు.