చక్రం ముందు, శాపం తర్వాత

2024 నవంబర్ 3, ఆదివారం

కార్తికం మొదలైంది. సాయంత్రం గుళ్లో శాస్త్రిగారు గజేంద్ర మోక్షం ఎత్తుకున్నారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే, అయినా ఈసారి ఒక చోట మనసు ఆగిపోయింది. మొసలి కాలు వదలదు, ఏనుగుకి ఒంట్లో బలం పోయింది, దిక్కులేదు. అప్పుడు ఏనుగు మొరపెట్టుకుంటూనే, మొర మధ్యలో, ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని అడుగుతుంది. పోతన ఆ సందేహాన్ని దాచలేదు. భక్తికి అది మచ్చ అనుకోలేదు. మన ఇళ్లలో పిల్లలకు కంఠతా పట్టించే పద్యాల్లో దేవుడి ఉనికినే అనుమానించే పద్యం ఒకటుంది.

నవంబర్ 4

తెల్లవారుజామున కృష్ణలో దీపాలు వదిలి, అటునుంచి ఆసుపత్రికి వెళ్లాను. మా పక్కింటి పాపకు ఏడేళ్లు. రక్త క్యాన్సర్.

నేను అక్కడ ఉండగానే వాళ్ల దూరపు బంధువు ఒకావిడ వచ్చింది. బత్తాయిలు తెచ్చింది, పాప తల నిమిరింది, కళ్లొత్తుకుంది. వెళ్తూ వెళ్తూ, “ఏ జన్మలో ఏం చేసుకుందో తల్లీ, అనుభవించక తప్పుతుందా” అంది. చెడ్డ మనిషి కాదు. ఓదారుస్తున్నాననే అనుకుంది. పాప తల్లి ముఖం గోడవైపు తిప్పుకుంది.

పాపకు ఆ మాట వినబడింది. “నేనేం చేశానమ్మా?” అని అడిగింది.

నవంబర్ 5

రాత్రంతా ఆ ప్రశ్నే. లేచి భాగవతం తీశాను. ఆ కథలో కూడా శాపాలున్నాయి. ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం. మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం. కర్మ సిద్ధాంతానికి కావలసిన సరుకంతా ఉంది. కానీ అది ఎప్పుడు చెబుతారు? విష్ణువు పరుగెత్తుకొచ్చి, చక్రం వేసి, మొసలి తల తెగి, ఏనుగు కాలు బయటపడ్డాక. లక్ష్మీదేవికి ఒక్క మాటైనా చెప్పకుండా బయల్దేరినవాడు మడుగు ఒడ్డున నిలబడి “ఇది నీ పూర్వజన్మ ఫలం” అనలేదు. మొసలి పళ్లు కాల్లో దిగి ఉన్నంతసేపూ కథలో ఎవరూ ఏనుగుకి కారణం చెప్పరు.

మనం ఆ వరుస తిరగేశాం. చక్రం మన చేతిలో లేదు కాబట్టి శాపంతో మొదలుపెడుతున్నాం.

నవంబర్ 8

అన్నయ్యతో ఫోన్లో గంటసేపు వాదన. అతను చదువుకునే రోజుల్లోనే దేవుణ్ణి వదిలేశాడు. “అమ్మాయ్, అన్నీ చేయగలవాడు, అందరి మీదా దయగలవాడు, రెండూ ఒకడే అయితే ఆ పిల్లల వార్డు ఎందుకుందో చెప్పు” అన్నాడు.

మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కదా అన్నాను. యుద్ధాలకు ఆ జవాబు చెల్లుతుందేమో, ఏడేళ్ల పిల్ల ఎముక మజ్జలో ఎవరి స్వేచ్ఛ పనిచేసిందన్నాడు. లీల అన్నాను. ఆ మాట వార్డులోకి వెళ్లి అనగలవా అన్నాడు. అనలేను.

చివరికి, రాత్రి రెండింటికి ఆ తల్లి హనుమాన్ చాలీసా చదువుకుంటోంది అన్నయ్యా, అదే ఆమెను నిలబెడుతోంది, దాహమంటూ ఉందంటే ఎక్కడో నీళ్లున్నట్టే కదా అన్నాను. ఎడారిలో చచ్చిపోయినవాళ్లకీ దాహం వేసిందన్నాడు.

వాదనగా చూస్తే నెగ్గింది అతనే. అయినా దీపం మానలేదు నేను. నా నమ్మకం వాదనలోంచి పుట్టింది కాదు, వాదనతో పోయేదీ కాదు. అలాగని అతని ప్రశ్నకు నా దగ్గర జవాబుందని బుకాయించను.

నవంబర్ 9

రామదాసును తలుచుకున్నాను. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ, ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత ఖర్చయిందో లెక్క చెప్పి రాముణ్ణి నిలదీశాడు. తర్వాత, దెబ్బలకోర్వలేక తిట్టాను, బాధపడకు అని సముదాయించాడు. ఆ పాటను మనం భద్రాచలంలో భక్తిగానే పాడుకుంటాం. తిట్టే చనువు మన భక్తిలో ఎప్పుడూ ఉంది. ఆసుపత్రిలో ఒక తల్లి దేవుణ్ణి తిడితే మాత్రం “అపచారం” అని నోరు మూయిస్తాం.

నవంబర్ 15

ఈ ఏడు కార్తిక పౌర్ణమి, గోరా పుట్టినరోజు ఒకేరోజు పడ్డాయి. దీపాలు పెట్టి వచ్చి ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ మళ్లీ చదివాను. 1951లో నవజీవన్ వాళ్లు వేసిన చిన్న పుస్తకం.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నాస్తికుడినని చెప్పినందుకు 1933లో కాకినాడలోనూ తర్వాత బందరులోనూ కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. అదే తర్వాత మా పటమటకు వచ్చింది. 1944 చివర్లో సేవాగ్రామ్‌లో గాంధీని కలిసినప్పుడు అతను కలకత్తా వీధుల గురించి చెప్పాడు. 1943 కరువులో మిఠాయి దుకాణాల ముందే జనం ఆకలితో పడి చచ్చిపోయారు. తిండి కళ్లెదుటే ఉంది. తలరాత అనుకుని ఎవరూ చెయ్యి చాపలేదు, లాక్కోలేదు. గోరా అభ్యంతరం ఇక్కడ. దేవుడున్నాడా లేడా అన్నదానికన్నా, ఉన్నాడనుకోవడం ఆకలిగొన్నవాడి చేతిని కట్టేస్తోందన్నదే అతని బాధ.

గాంధీ అతన్ని తోసిపుచ్చలేదు. తన ఆస్తికత్వమే సరైనదని గానీ గోరా నాస్తికత్వం తప్పని గానీ తేల్చి చెప్పలేనన్నాడు. గోరా పెద్దకూతురు మనోరమకు అర్జునరావు అనే దళిత యువకుడితో పెళ్లి అనుకున్నప్పుడు, సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నాడు. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న ఆయన్ను చంపారు. మార్చిలో ఆ పెళ్లి అక్కడే, అనుకున్నట్టే జరిగింది.

ఇద్దరిలో ఎవరూ మారలేదు. గాంధీ రామనామం వదల్లేదు, గోరా దేవుణ్ణి ఒప్పుకోలేదు. ఇప్పుడు టీవీల్లో ఆస్తిక నాస్తిక చర్చలు చూస్తుంటే నాకు కడుపు మండుతుంది. అరిచేవాళ్లలో ఒక్కరి వెనకా కలకత్తా వీధి కనబడదు.

నవంబర్ 16

వార్డులో నర్సు క్రైస్తవురాలు. యోబు గ్రంథం గురించి ఆమెతో కాసేపు మాట్లాడాను. పిల్లలు, ఆస్తి, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చుంటారు, ఒక్క మాటా మాట్లాడరు. తర్వాత నోరు విప్పి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అని రకరకాలుగా చెబుతారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీద. తనను నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడంటాడు. “మా సంఘంలో కూడా పలకరించడానికొచ్చి ఆ ముగ్గురిలాగే మాట్లాడతారండీ” అందామె.

నవంబర్ 19

దివిసీమ ఉప్పెన రోజు. 1977, శనివారం. అదీ కార్తికమే. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు సముద్రం ఊళ్ల మీదకొచ్చింది. తక్కువలో తక్కువ పదివేల మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఏడవడానికి మిగిలినవాళ్లే కొద్దిమంది. సముద్రం భక్తుల్నీ భక్తి లేనివాళ్లనీ వేరు చేయలేదు. మట్టి గోడ, తాటాకు కప్పు ఉన్నవాళ్లను మాత్రం ఎక్కువగా తీసుకుపోయింది.

1990 మేలో అదే తీరానికి అంతకంటే తీవ్రమైన తుపాను వచ్చింది. ఆసరికి తుపాను షెల్టర్లున్నాయి, హెచ్చరికలు ముందే అందాయి, లక్షల మందిని కదిలించారు. చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. మొదటిది దేవుడి ఆగ్రహమైతే పదమూడేళ్లకు ఆగ్రహం తగ్గిందనుకోవాలా? తగ్గించింది సిమెంటు, రేడియో, బస్సులు, రాత్రంతా తిరిగిన ఉద్యోగులు. వాళ్ల రూపంలో వచ్చింది దేవుడేనని మా పెద్దమ్మ అనేది. అననీ. ఆ నమ్మకం ఎవరి షెల్టర్నీ కూలగొట్టదు.

నవంబర్ 22

1934 జనవరి 15 బీహార్ భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దేవుడి శిక్ష అన్నాడు గాంధీ. ఠాగూర్ ఊరుకోలేదు. ప్రకృతి వైపరీత్యానికి నీతి అంటగడితే, రేపు సనాతనులు ఇదే భూకంపం మీ సంస్కరణల వల్లే వచ్చిందంటారు, ఏం జవాబు చెబుతారని బహిరంగంగా అడిగాడు. గాంధీ అంటే నాకు ప్రాణం. ఇక్కడ మాత్రం ఠాగూర్‌దే న్యాయం.

మొన్న సెప్టెంబర్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా పాపాలు పెరిగాయన్న మాట మా వీధిలో వినబడింది. కట్టకు మూడు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చాకే నీళ్లు ఆగాయి.

నవంబర్ 25

పాప మందుల కాగితంలో మెథోట్రెక్సేట్ అని చూశాను. ఆ పేరు వెనక మనవాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు. సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాతో పోయారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో అతని బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది, అది ఆ జబ్బుకు మందయింది. దానికి విరుగుడుగా పనిచేసే ఎమినాప్టెరిన్, ఆ వెనక మెథోట్రెక్సేట్ కూడా వాళ్లే తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఎమినాప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. పదహారు మందిలో పది మందికి జబ్బు వెనక్కి తగ్గింది, కొన్నాళ్లకే అయినా. అంతకుముందు అదీ లేదు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు.

సోదరులు ఎందుకు పోయారన్న ప్రశ్నను ఆయన ఏ దేవుణ్ణి అడిగాడో, అడగలేదో. ఏ జబ్బుతో పోయారన్నది మాత్రం వదల్లేదు.

పాపకు చెప్పాను: నువ్వేమీ చెయ్యలేదమ్మా, ఇది జబ్బు, దీనికి భీమవరం తాతగారొకరు మందు కనిపెట్టారు. “ఆయనకి బాగా మార్కులొచ్చేవా?” అంది. లేదమ్మా, మెట్రిక్ తప్పాడు కూడా అన్నాను. చాలా సంతోషించింది.

నవంబర్ 28

ప్లేట్‌లెట్లు తీసిన తర్వాత అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. అందుకే ఆ వార్డుకు దాతలు ఎప్పుడూ కావాలి. అన్నయ్య నిన్న ఇచ్చాడు, సోమవారం శాస్త్రిగారి అబ్బాయి ఇస్తానన్నాడు. ఆ తర్వాత వారానికి ఇంకా ఎవరూ దొరకలేదు.