ఈలకు మా భాష రాదు

ఫుట్‌బాల్‌కు 17 నియమాలున్నాయి. మా బోనకల్ చుట్టుపక్కల ఊళ్లలో పండుగ పోటీలు పెట్టినప్పుడు అందులో ఆరో ఏడో పాటిస్తే గొప్ప. అసలు ఇక్కడ క్రికెట్, కబడ్డీ తర్వాతే ఫుట్‌బాల్. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లు చెక్కి, ముగ్గుతో గీతలు గీసి, రెండు వైపులా వెదురు గడలు పాతితే మైదానం తయారు. గీత దగ్గర జెండా పట్టుకునేవాడు ఉండడు. ఈల ఎవరి దగ్గరుంటే వాళ్లే రిఫరీ. పోటీ పెట్టిన ఊరివాళ్లదే షామియానా, వాళ్లదే ప్రైజు, ఈల కూడా వాళ్లదే.

అందుకని రిఫరీలంతా పక్షపాతులని నేననను. ఎండలో గంటసేపు పరుగెత్తి, చివరికి రెండు జట్ల చేతా తిట్లు తినే పనికి ఊరికే ఎవరొస్తారు? వచ్చినవాళ్లకు దండం పెట్టాలి. నాకున్న బాధ వేరు.

కొన్నేళ్ల కిందట ఒక సంక్రాంతి పోటీకి మా కోయ పిల్లల జట్టు వెళ్లింది. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు. మైదానంలో వాళ్ల అరుపులన్నీ కోయలోనే. రెండో సగంలో వెనక ఆడే పిల్లవాడు మా గోల్‌కీపర్ మీద విసుక్కున్నాడు. ముందుకొచ్చి బంతి పట్టుకోవచ్చు కదా అన్నాడు, అంతే. అప్పుడు వాడి మొహం రిఫరీ వైపు ఉంది. ఆయన చెవికి అది తిట్టులా వినపడింది. ఎర్ర కార్డు తీశాడు. దూషించిన ఆటగాణ్ణి బయటికి పంపాలని 12వ నియమం చెబుతుంది, కాబట్టి పుస్తకం ప్రకారం ఆయన పని ఆయన చేశాడు. తిట్టు లేదు, అదొక్కటే లోపం.

పిల్లవాడు వాదించలేదు. తల వంచుకుని గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. "తప్పు చేశాడు గనకే నోరెత్తలేదు" అని నా పక్కన ఎవరో అన్నారు. సారు ముందు మాట్లాడకపోవడమే క్రమశిక్షణ అని ఒకటో తరగతి నుంచి మేమే నేర్పుతాం. అదే పిల్లవాడు మైదానంలో నోరు మూసుకుంటే అది నేరం ఒప్పుకున్నట్టు లెక్క. ఇది ఆటతోనే పోయే సంగతి కాదు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర, కచేరీ గుమ్మం దగ్గర మా పెద్దవాళ్లకు జరిగేదీ ఇదే.

ఆ కార్డులు ఎక్కడివో మొన్నీమధ్య పిల్లలకు చెప్పాను. 1966 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మధ్య క్వార్టర్ ఫైనల్. జర్మనీ రిఫరీ అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్‌ను బయటికి పొమ్మన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. దుబాసీని పిలవండి అని రత్తీన్ చాలాసేపు కదల్లేదు. అదే ఆటలో ఇద్దరు ఇంగ్లండ్ ఆటగాళ్లకు తమను హెచ్చరించారనే సంగతి తర్వాతగానీ తెలియలేదు. అప్పటి రిఫరీల పెద్ద కెన్ ఆస్టన్ దీని గురించే ఆలోచిస్తూ కారులో పోతుంటే ట్రాఫిక్ దీపాలు కనపడ్డాయట. పసుపు, ఎరుపు కార్డులు 1970 మెక్సికో పోటీల్లో మొదలయ్యాయి. ఆస్టన్ బడిపంతులు కూడా. ఆ మాట విని నాకు కొంచెం గర్వమేసింది.

అయితే ఆ కార్డు ఒకవైపే పని చేస్తుంది. రిఫరీ మాట ఆటగాడికి చేరుతుంది, ఆటగాడి మాట రిఫరీకి చేరదు. 2024 యూరో కప్‌లో కెప్టెన్ ఒక్కడే రిఫరీ దగ్గరికి వెళ్లి మాట్లాడాలని కట్టడి చేశారు. గుంపుగా మీద పడకుండా ఉండటానికి పెట్టిన పద్ధతి అది. మాకు ఇంకో విధంగా పనికొచ్చింది. తెలుగు ధారాళంగా వచ్చిన పిల్లవాణ్ణే కెప్టెన్‌ను చేస్తున్నాం. ఆట మొదలయ్యే ముందు వాడు రిఫరీ దగ్గరికి వెళ్లి, "సార్, మావాళ్లు కోయలో మాట్లాడుకుంటారు, అనుమానం వస్తే నన్ను పిలవండి" అని చెప్పాలి. కొందరు సరేనంటారు. ఒకాయన, ఇక్కడ తెలుగులోనే అరవండి అన్నాడు. పరుగెత్తేవాడికి అమ్మ భాషే నోట్లోకి వస్తుందని ఆయనకెవరు చెప్పాలి?

హైదరాబాద్ రహీం సాబ్ కూడా పంతులే. ఎస్.ఎ. రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962లో జకార్తాలో గ్యాలరీ అంతా ఎదురు తిరిగి అరుస్తున్నా ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఆటగాళ్లకు ఏది రాదో దానికోసమే ఆయన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు, ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి.

మా పిల్లలకు రానిది ఈల ఊదడం. అందుకే శనివారం సాయంత్రం ఆటలో వంతులేసి వాళ్లచేతే రిఫరీ పని చేయిస్తున్నాను. మొదట్లో ఎవరూ గట్టిగా ఊదలేదు. ఊది, వెంటనే నావైపు చూసేవాళ్లు. నేను చెట్టు వెనక్కి పోయి నిలబడటం మొదలుపెట్టాక మెల్లగా అలవాటైంది. మొన్న పదో తరగతి అమ్మాయి సొంత తమ్ముడి మీద పెనాల్టీ ఇచ్చింది. వాడు రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. అది పెనాల్టీ కాదని ఇప్పటికీ అంటాడు. చెట్టు వెనక నుంచి నేను చూశాను, పెనాల్టీయే.