పిస్టల్ ఎంత చిన్నదైతే అంత మంచిదా?

టెక్సస్‌లో బట్టల కింద కనపడకుండా పెట్టుకునే పిస్టల్ కొనాలనుకునే మనవాళ్లు ముందు చూసేది సైజే. 2018లో వచ్చిన సిగ్ పీ365 చిన్నది, మామూలు మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. గ్లాక్ 19లో 15 పడతాయి, కానీ కాస్త లావు, బరువు కూడా.

అయితే పిస్టల్ తేలికయ్యేకొద్దీ కాల్చినప్పుడు చేతికి తగిలే కుదుపు పెరుగుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటు దొరకదు, గురి కుదరడం కష్టం. అందుకే రేంజ్‌లో రెండూ అద్దెకు తీసుకుని కాల్చి చూశాకే కొనండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా ఓటు గ్లాక్ 19కే. దానికి బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు కాబట్టి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ తప్పనిసరి.

2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండిన అర్హులకు టెక్సస్‌లో క్యారీ లైసెన్స్ అక్కర్లేదు. కానీ హెచ్‌1బీ మీదున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొన్ని మినహాయింపులు తప్ప, మీ దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. ముందు లాయర్‌ని అడగండి.

ఇంట్లో పిల్లలుంటే పిస్టల్ కంటే ముందు తాళం పెట్టె కొనండి.