కుంపటీ, గొంగడీ

“వరంగల్లులో చలేమిటండీ!” అని ఢిల్లీలో ఉద్యోగం వెలగబెడుతున్న మా తోడల్లుడు నవ్వుతాడు. నిజమే, మనకు మంచుగడ్డలు రాలవు. కాని వాతావరణ శాఖవారి లెక్కలో, మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో ఇంకా కిందికో దిగి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే అది శీతలగాలే. ఢిల్లీవారికి ఉన్నికోట్లున్నాయి. మనకున్నవి ఎండకు తట్టుకోవడానికి కట్టుకున్న ఇళ్లు, గచ్చు నేలలు, డెబ్బై దాటిన తల్లులు.

ధనుర్మాసం రాగానే మా అమ్మ కుంపటి తీయిస్తుంది. సాయంత్రం వాకిట్లో అయితే నాకూ సరదాయే. పేచీ అల్లా పడుకునేటప్పుడు. కుంపటి మంచం పక్కకు రావాలి, తలుపు మూయాలి. మా చిన్నవాడు నాయనమ్మ పక్కనే పడుకుంటాడు.

“తలుపు తెరిచి ఉంచమ్మా.”

“తలుపు తెరిస్తే కుంపటెందుకు బిడ్డా? పొగ పోయింది, నివురు గప్పింది. ఇంకేం భయం?”

భయమంతా అక్కడే. పొగ కళ్లు మండించి హెచ్చరిస్తుంది. నివురు కింద బొగ్గు విడిచే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్నా దాన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, ఆపైన మగత. ఆ మగతనే చలికాలపు నిద్ర అనుకుంటాం. గది మూసి ఉంటే ఆ నిద్రకు తెల్లవారకపోవచ్చు. ఇదంతా విని అమ్మ, “నీది తెలుగు ఎమ్మే గదా, గీ సైన్సెప్పుడు చదివినవ్?” అంది.

చివరికి గెలిచింది సైన్సు కాదు, మా నాయనగారి గొంగడి. వేపాకు వేసి పెట్టెలో దాచినదాన్ని నా భార్య తీసి కప్పింది. అమ్మ చాలాసేపు దాని అంచు తడుముతూ కూర్చుని, “కుంపటి బయట పెట్టుండ్రి” అంది. మంచం దగ్గర గచ్చు మీద కొత్తవాడ జంపఖానా పరిచాం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మ పాదాలు వాటిని ఏనాడో గుర్తించాయి.

ఇక దారి సంగతి. పొద్దున్నే పరకాల వైపు మోటారుసైకిలు మీద వెళ్లేవాణ్ణి నేను. పొగమంచులో హెడ్‌లైటు ఎత్తి వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, దించి వేయాలి. ఎదురొచ్చే బండికైనా దీపముంటుంది, ఆగి ఉన్నదానితోనే చిక్కు. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి ట్రాక్టర్లు కదిలే రోజులు కూడా ఇవే. ఒకటి పంక్చరై రోడ్డంచున నిలిచిందా, చాలావాటికి వెనక దీపముండదు. తెల్లని మంచులో తెల్లని పత్తి! అందుకని నా మొదటి గంట పాఠాన్ని మూడో గంటకు మార్పించుకున్నాను. మహాకావ్యపు అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. పాఠంలో హేమంతం వచ్చినప్పుడు ఈ ట్రాక్టరును కూడా వర్ణించి, ట్రాలీ వెనక రేడియం స్టిక్కరు అంటించమని నాయనలకు చెప్పమంటున్నాను. పోయిన వారం ఇద్దరు పిల్లలు అంటించామని వచ్చి చెప్పారు.