చెప్పులు వదిలేసి వచ్చిన రోజు

ఈ సంగతి రాయమని మా ఆయనే అన్నారు. లేకపోతే రాసే ధైర్యం నాకు లేదు.

ఆయన తాగుడు మానేసి ఈ క్రిస్మస్‌కి 6 ఏళ్లు నిండుతాయి. మానిన కొత్తలోనే తనకంటూ కొన్ని హద్దులు పెట్టుకున్నారు. జేబులో 200 రూపాయలకి మించి ఉంచుకోరు. దగ్గర దారి ఉన్నా, వైన్‌షాపు ఉన్న సెంటరు తప్పించుకుని రైలు గేటు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికొస్తారు. పెళ్లయినా పుట్టినరోజయినా భోజనం అవగానే లేచి వచ్చేస్తారు.

మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదే కష్టంగా ఉండేది. "మీ ఆయనకి మేమంటే అంత చిన్నచూపా?" అని మా పుట్టింటివాళ్లు అంటుంటే ఏం చెప్పను? ఆయన తాగిన రోజుల సంగతి వాళ్లకి సగమే తెలుసు. మిగతా సగం నేనే దాచాను.

మొన్న మే నెలలో మా తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించాడు. పాస్టరుగారు వచ్చారు, పాటలు పాడుకున్నాం, భోజనాలయ్యాయి. పాస్టరుగారి కారు అలా సందు మలుపు తిరిగిందో లేదో, డాబా మీదికి ఐసు బకెట్ వెళ్లింది. (మన ఇళ్లలో ఇలాంటివి ఉండవనుకునేవాళ్లు ఒకసారి మెట్ల దగ్గర నిలబడి చూడండి.)

మా ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. "తాగమనట్లేదుగా బావా, కూల్‌డ్రింక్ పట్టుకుని కూర్చో" అన్నాడు తమ్ముడు. మరదలి తరఫువాళ్లంతా చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఒక్క గంట కూర్చుంటే ఏమైపోతుందండీ? ఐదేళ్లు దాటింది, ఇంకా మీ మీద మీకు నమ్మకం లేదా?" అన్నాను. అందరి ముందూ అన్నాను.

ఆయన నా వైపొకసారి చూసి మెట్లెక్కారు.

ఆయన మారాలని ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నానో, స్త్రీల కూడికలో ఎంత ఏడ్చానో దేవుడికి తెలుసు. అదే నోటితో ఆయన్ని పైకి పంపించి, వంటింట్లో మిగిలిన బిర్యానీ డబ్బాల్లోకి సర్దుతూ కూర్చున్నాను.

పది నిమిషాలకే దిగి వచ్చారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఎవరి గ్లాసులో ఎంత ఉందో లెక్కపెట్టుకుంటున్నాను. నా కళ్లు ఇంకెక్కడికీ పోవట్లేదు. వెళ్తున్నా" అని మెల్లగా చెప్పి, ఉత్త కాళ్లతో రోడ్డెక్కారు.

యోసేపు పోతీఫరు ఇంట్లో వస్త్రం వదిలేసి పారిపోయిన కథ సండేస్కూల్ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. తీరా మా ఇంటి యోసేపు చెప్పులు వదిలేసి పోతుంటే నాకు సిగ్గేసింది. ఆయన్ని చూసి కాదు, నలుగురూ చూస్తున్నారని. ఆ చెప్పులు సంచిలో వేసుకుని వెనకే ఇంటికొచ్చాను.

రాత్రి చాలాసేపు ఆయన మాట్లాడలేదు. చివరికి ఒక్క మాటన్నారు: "నా మీద నాకు నమ్మకం లేకపోబట్టే ఇన్నాళ్లు నిలబడ్డాను. అది కూడా తప్పంటే ఎట్లా?"

నిద్ర పట్టక బైబిల్ తీశాను. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో నాజీరు వ్రతం సంగతి ఉంది కదా. ద్రాక్షారసం ఒక్కటే కాదు, పచ్చి ద్రాక్షలు, ఎండు ద్రాక్షలు, చివరికి పండు పైతోలు కూడా ముట్టకూడదు. ఎండు ద్రాక్ష తింటే ఎవరికి మత్తెక్కుతుందని చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఆ రాత్రి నవ్వు రాలేదు. నేను ఆయన చేతికిచ్చిన కూల్‌డ్రింక్ గ్లాసు అలాంటిదే మరి.

మర్నాడు క్షమించమని అడిగాను. "సరేలే" అన్నారు. తమ్ముడికి ఫోన్ చేసి, దాచిన సగం కూడా చెప్పాను. అప్పులు, తాకట్టు పెట్టిన నా గాజులు, ఆయన్ని రోడ్డు మీద నుంచి లేపి తెచ్చిన రాత్రి, అన్నీ. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకెందుకు చెప్పలేదక్కా" అని కోప్పడ్డాడు. రెండు నెలలు మాటల్లేవు. మరదలికి ఇప్పటికీ ముభావమే.

పోయిన వారం మా పిన్ని మనవరాలి పెళ్లికి వెళ్లాం. పెరుగన్నం అయ్యీ అవగానే నేనే ముందు లేచాను. "అప్పుడేనా?" అంది పిన్ని. "అవును పిన్నీ, అప్పుడే" అని, గుమ్మం దగ్గర ఆ చెప్పుల గుట్టలో ఆయన జత వెతికి బయట పెట్టాను.